పాత ఇళ్లు, పాత అపార్ట్‌మెంట్లు, భూకంపం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

2024 డిసెంబరు 4 ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం హైదరాబాదు మొదలుకొని విజయవాడ దాకా జనానికి తెలిసింది. అప్పటి నుంచి కట్టడాల భద్రత గురించి ఈ శీర్షికకు ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. వాటిలో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌ను 1997లో కట్టారు. కింద అంతా పార్కింగ్, పైన నాలుగు అంతస్తులు. ములుగు భూకంపం నాడు మంచాలు కదిలాయి గాని గోడల్లో ఒక్క బీట కూడా రాలేదు. భవనం పరీక్షలో నెగ్గింది కాబట్టి భయం లేదని సంఘంలో కొందరు, పిల్లర్లన్నింటినీ లావు చేయించాల్సిందేనని మరికొందరు అంటున్నారు. ఏది సరైనది?
— ఒక గృహిణి, విజయవాడ

జవాబు: రెండు వాదాలూ నిలవవు. ఆ భూకంప కేంద్రం మీ ఊరికి రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది. అంత దూరం వచ్చేసరికి 5.3 తీవ్రత గల భూకంపం మంచాలను కదిలించగలదే తప్ప పిల్లర్ల సత్తా ఎంతో తేల్చలేదు. 2001 జనవరి 26న కచ్ ప్రాంతంలో వచ్చిన భూకంపానికి అహ్మదాబాదు కూడా దాదాపు అంతే దూరంలో ఉంది. కానీ దాని తీవ్రత 7.7, అంటే విడుదలైన శక్తిలో సుమారు నాలుగు వేల రెట్ల తేడా. అహ్మదాబాదులో పదుల సంఖ్యలో బహుళ అంతస్తుల భవనాలు కూలి, వందలాది మంది ప్రాణాలు కోల్పోయారు. విజయవాడకు అంతటి భూకంపం రాబోతోందని నేను చెప్పడం లేదు. కానీ 1967లో ఒంగోలు దగ్గర 5.4, 1969లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూకంపాలు వచ్చాయి. ఆ పాటి భూకంపం మీ ఊరికి పది ఇరవై కిలోమీటర్ల లోపల వస్తే ఆ కదలికకూ మొన్నటి కదలికకూ పోలికే ఉండదు. భూకంపాన్ని తట్టుకునేలా కట్టడాలను ఎలా డిజైన్ చేయాలో చెప్పే భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 1893. అది ప్రమాదాన్ని బట్టి దేశాన్ని జోన్లుగా విడదీస్తుంది, సంఖ్య పెరిగే కొద్దీ ప్రమాదం ఎక్కువ. దాని 2016 ప్రతిలోని పటం ప్రకారం విజయవాడ మూడో జోన్‌లో ఉంది. అహ్మదాబాదుదీ అదే జోన్.

అహ్మదాబాదులో కూలినవాటిలో ఎక్కువ భాగం మీ భవనం లాంటివే కావడం వల్లే ఇంత వివరంగా రాస్తున్నాను. పై అంతస్తుల్లో ఇటుక గోడలు పిల్లర్లకూ బీములకూ మధ్య బిగుసుకొని ఉంటాయి కాబట్టి ఆ నాలుగు అంతస్తులూ దాదాపు ఒకే దిమ్మెగా కదులుతాయి. కింద గోడలు లేనందువల్ల పక్కకు ఊగే ఊపంతా పార్కింగ్ పిల్లర్ల మీదే పడుతుంది. దీన్నే ఇంజనీర్లు సాఫ్ట్ స్టోరీ అంటారు. కింది పిల్లర్లు తలా పాదాల దగ్గర విరిగితే పై అంతస్తులు చెక్కుచెదరకుండానే కిందికి దిగిపోతాయి. 2002లో సవరించిన ఐ.ఎస్. 1893 ఇలాంటి అంతస్తులోని పిల్లర్లను, బీములను మామూలుగా లెక్కగట్టిన బలాలకు రెండున్నర రెట్లకు డిజైన్ చేయాలని చెప్పింది. మీ భవనం అంతకు ముందే కట్టింది.

పిల్లరు ఎంత లావుగా ఉందనే దానికంటే లోపల రింగులు ఎలా కట్టారన్నది ముఖ్యం. నిలువు చువ్వల చుట్టూ కట్టే రింగు రెండు కొసలనూ 135 డిగ్రీల దాకా వంచి, పిల్లరు లోపలి కాంక్రీటులోకి దించాలి. పిల్లరు తలా పాదాల దగ్గర రింగుకూ రింగుకూ మధ్య ఎడం 100 మిల్లీమీటర్లు దాటకూడదు. పాత కట్టడాల్లో చాలా చోట్ల కొసలను 90 డిగ్రీలకు మడిచి వదిలేశారు, ఎనిమిది తొమ్మిది అంగుళాలకు ఒక రింగు చొప్పున కట్టారు. భవనం ఊగేటప్పుడు పిల్లరు మీది పైపొర కాంక్రీటు రాలిపోగానే, ఆ మడత విప్పుకొని రింగు తెరుచుకుంటుంది. అది పట్టుకొని ఉంచిన నిలువు చువ్వలు బయటికి వంగిపోతాయి, లోపలి కాంక్రీటు పిండి అవుతుంది. రోజూ మోసే బరువుకు ఈ లోపం ఏ మాత్రం అడ్డు రాదు. అందుకే పాతికేళ్లు బీట లేకుండా నిలిచిందన్న మాట భూకంపం విషయంలో దేన్నీ రుజువు చేయదు.

కాబట్టి మొదటి ఖర్చు పిల్లర్ల మీద కాదు, పరిశీలన మీద పెట్టండి. కాంక్రీటు భవనాలను ఎలా పరీక్షించాలో, ఎలా బలపరచాలో ఐ.ఎస్. 15988 అనే ప్రమాణం 2013 నుంచి ఉంది. దాన్ని చదివి వాడిన స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. ఆయన ముందు పాత డ్రాయింగులు అడుగుతారు. అవి దొరకకపోతే కవర్ మీటరుతో చువ్వలు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తిస్తారు, ఒకటి రెండు చోట్ల పైపొర చెక్కి రింగు కొసను కళ్లతో చూస్తారు, కొన్ని పిల్లర్ల నుంచి కోర్, అంటే గొట్టంలా కోసిన కాంక్రీటు ముక్క, తీయించి ల్యాబుకు పంపుతారు. సుత్తి లాంటి పరికరంతో తట్టి రీడింగు చూసి కాంక్రీటు బ్రహ్మాండంగా ఉందని చెప్పి వెళ్లేవారిని మాత్రం నమ్మకండి. గాలిలోని కార్బన్ డయాక్సైడు వల్ల పాత కాంక్రీటు పైపొర గట్టిపడుతుంది, అప్పుడు ఆ రీడింగు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. నిజం తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటి ఉంది. అప్పుడే చెక్కిన చోట ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లితే, చువ్వలను తుప్పు నుంచి కాపాడగలిగే స్థితిలో ఉన్న కాంక్రీటు ముదురు గులాబీ రంగుకు తిరుగుతుంది, ఆ గుణం పోయిన కాంక్రీటు రంగు మారదు. రంగు మారని పొర చువ్వ దాకా చేరిందంటే బలపరచడం కంటే ముందు తుప్పు సంగతి చూడాలి.

ఇక వైద్యం. అన్ని పిల్లర్లకూ జాకెటింగ్, అంటే చుట్టూ కొత్త చువ్వలు, కాంక్రీటు వేసి లావు చేయించడం, అన్నిటికంటే ఖరీదైనది, చాలాసార్లు అవసరం లేనిది. కార్ల రాకపోకలకు అడ్డం రాని చోట్ల, ముఖ్యంగా అంచుల్లో, రెండు దిశల్లోనూ ఎంపిక చేసిన కొన్ని పిల్లర్ల మధ్య కింది నుంచి పై దాకా షియర్ వాల్ (పక్క ఊపును తట్టుకునే కాంక్రీటు గోడ) గాని, ఉక్కు బ్రేసింగ్ (ఏటవాలుగా బిగించే ఉక్కు కడ్డీలు) గాని పెడితే ఊపులో అధిక భాగాన్ని అవే తీసుకుంటాయి, మిగతా పిల్లర్ల మీద భారం తగ్గుతుంది. అవి భవనానికి రెండు వైపులా సమతూకంగా ఉండాలి. ఒక మూల మాత్రమే పెడితే భవనం మెలి తిరుగుతుంది. కొత్త గోడ కింద పునాది ఆ బలాన్ని నేలలోకి దించగలదో లేదో లెక్క చూడకుండా పని మొదలుపెట్టనివ్వకండి. కొన్ని పిల్లర్లకు జాకెటింగ్ తప్పనిసరి అయితే, కనీసం 100 మిల్లీమీటర్ల మందంతో చుట్టూ కొత్త కాంక్రీటు పోస్తారు. కొత్త నిలువు చువ్వలను పునాదిలో నాటి, పై స్లాబుకు రంధ్రాలు వేసి పై అంతస్తులోకి కొనసాగించకపోతే ఆ పనికి అర్థం లేదు. స్లాబు అడుగున ఆగిపోయిన చువ్వలు పిల్లరు తల దగ్గర దేనికీ పనికిరావు, పిల్లరు విరిగేదేమో సరిగ్గా అక్కడే. రింగుల లోపం మాత్రమే ఉండి మిగతా అంతా బాగుంటే, పిల్లర్లకు కార్బన్ ఫైబర్ గుడ్డను జిగురుతో చుట్టడం సరిపోతుంది. అది పార్కింగ్ స్థలాన్ని తినదు, కాంక్రీటు పగిలి చెదరకుండా పట్టుకుంటుంది. అయితే భవనం ఊపును అది తగ్గించదు.

ప్రశ్న: మాది 1992 నాటి మూడంతస్తుల భవనం. పైన ఇంకో అంతస్తు వేసుకొని, దాని అద్దెతో కింద పిల్లర్లను గట్టి చేయించుకోవచ్చా?
— ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: వద్దు. భూకంపం భవనాన్ని బయటి నుంచి తోయదు. నేల కదిలినప్పుడు భవనం తన బరువుతో ఎదురాడడం వల్లే బలం పుడుతుంది. బరువు పెరిగిన కొద్దీ ఆ బలం పెరుగుతుంది, అది ఎంత ఎత్తున ఉంటే కింది పిల్లర్ల మీద దాని ప్రభావం అంత ఎక్కువ. బలహీనమైన పిల్లర్ల మీద ముందు బరువు పెంచి, తర్వాత బలపరచడమనే వరస ఏ ఇంజనీరూ ఒప్పుకోదగినది కాదు. మీ డాబా మీద ఇప్పటికే ఉన్న పెద్ద నీళ్ల ట్యాంకు, మట్టి నింపిన తోట తొట్లు తీసేస్తే పైసా ఖర్చు లేకుండా కొంత మేలు జరుగుతుంది.

ప్రశ్న: మాది తాతల నాటి మట్టిమిద్దె. రాతి గోడలను మట్టితో కట్టారు, రెండడుగుల మందం ఉంటాయి. కప్పు దూలాలు, దంతెల మీద బండలు పరిచి, పైన చౌడు పోసింది. మా జిల్లా రెండో జోన్‌లో ఉంది కదా, ఇంత మందం గోడలకు భయపడవలసింది ఏముంది?
— ఒక రైతు, కర్నూలు జిల్లా

జవాబు: అయ్యా, మీ ఇంటి వివరాలు చదువుతుంటే నాకు కిల్లారి గుర్తుకొస్తోంది. మహారాష్ట్రలో లాతూరు, ఉస్మానాబాదు జిల్లాల్లో 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున, ఊళ్లన్నీ నిద్రలో ఉన్నప్పుడు, 6.2 తీవ్రతతో వచ్చిన ఆ భూకంపంలో వేలాది మంది చనిపోయారు. అప్పటి పటంలో ఆ ప్రాంతం ఒకటో జోన్‌లో, అంటే ప్రమాదం అతి తక్కువని గుర్తించిన జోన్‌లో ఉండేది. 2002లో ఆ జోన్‌నే తీసేసి రెండులో కలిపేశారు. అక్కడ ప్రాణాలు తీసిన ఇళ్లు కూడా మట్టితో కట్టిన మందపాటి రాతి గోడలవీ, మట్టి కప్పులవీ. జోన్ సంఖ్య చిన్నదంటే భూకంపం వచ్చే అవకాశం తక్కువని అర్థం గాని, వస్తే మీ ఇంటికి ఏమీ కాదని కాదు.

మందపాటి రాతి గోడ బలమైనదన్న నమ్మకం మనవాళ్లలో గట్టిగా ఉంది. నిలువుగా బరువు మోయడానికి అది నిజమే. కానీ ఆ రెండడుగుల గోడ నిజానికి ఒకే గోడ కాదు. లోపలి వైపు ఒక వరస, బయటి వైపు ఒక వరస రాళ్లు పేర్చి, మధ్యలో చిల్లరాళ్లు, మట్టి నింపుతారు. భూకంపం ఊపినప్పుడు మధ్యలోని చిల్లరాళ్లు కిందికి దిగుతూ రెండు వరసలనూ చెరో వైపుకు తోస్తాయి. గోడ పొట్ట ఉబ్బి, బయటి వరస వీధిలోకి, లోపలి వరస గదిలోకి పడుతుంది. ఇప్పటికే ఎక్కడైనా గోడ ఉబ్బి ఉంటే, అది ఈ విడిపోవడం మొదలైందనడానికి గుర్తు కావచ్చు.

కప్పు సంగతి ఇంకా తీవ్రమైనది. వానలకు ముందు చౌడు పోయడం మీ ప్రాంతంలో తరతరాలుగా వస్తున్న పద్ధతి. కప్పు కారకుండా అది బాగా పనిచేస్తుందని నాకు తెలుసు. కానీ పాతది తీయకుండా కొత్తది పోస్తూ పోతే ఏమవుతుందో లెక్క చూడండి. ఒక చదరపు మీటరు మీద అడుగు మందం మట్టి సుమారు అర టన్ను తూగుతుంది. మూడు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల పొడవు గల గదిలో పడుకున్నవారి నెత్తిన ఆరు టన్నులు ఉన్నట్టు.

ఇంటిని పడగొట్టనక్కర లేకుండా చేయగలిగిన పనులు ఉన్నాయి. మొట్టమొదట కప్పు బరువు తగ్గించండి. దూలాల కింద పోట్లు పెట్టించి, పాత మట్టి పొరలను ఒక పక్క నుంచి కాక రెండు పక్కల నుంచీ సమంగా తీయించండి. మట్టిని పలచగా ఉంచి, నీరు దిగకుండా ఒక షీటు పరిస్తే ఏటా మట్టి పోసే అవసరం కూడా తప్పుతుంది. పుచ్చిన దూలం, దంతె ఏదైనా ఉంటే అప్పుడే మార్చాలి. రెండోది, గోడ రెండు వరసలనూ కలిపి కుట్టడం. గోడ ఈ వైపు నుంచి ఆ వైపు దాకా రాళ్లు జాగ్రత్తగా ఊడదీసి రంధ్రం చేసి, అందులో రెండు కొసలా కొక్కెం ఉన్న ఉక్కు చువ్వ పెట్టి కాంక్రీటు నింపుతారు. అది ఆరితే గోడను ఆరపార పట్టుకునే రాయి అవుతుంది. రాతి గోడలకు మన ప్రమాణాలు చెప్పే కొలత ప్రకారం ఎత్తులో 600 మిల్లీమీటర్లకు ఒక వరస, వరసలో 1.2 మీటర్లకు మించని ఎడంతో ఇలాంటి పట్టురాళ్లు ఉండాలి. రంధ్రాలు చేసేటప్పుడు గునపంతో పొడవనివ్వకండి, పక్క రాళ్లు కదిలిపోతాయి. ఒకటి పూర్తిచేసి కాంక్రీటు గట్టిపడ్డాకే దాని పక్కది మొదలుపెట్టించండి.

మూడోది బెల్టు. తలుపుల, కిటికీల పైన, కప్పు కింద, ఇంటి చుట్టూ అన్ని గోడల మీదా తెగకుండా ఒక పట్టీ మేర గోడ మీది గచ్చు చెక్కేసి, జింకు పూత గల వెల్డ్ మెష్ (అతికించిన ఇనుప తీగల వల) మేకులతో బిగించి, దాని మీద ఒకటికి మూడు పాళ్ల సిమెంటు మాలు రెండు పూతలుగా వేస్తారు. గోడ రెండు వైపులా ఈ పట్టీ ఉండి, రెండింటినీ గోడగుండా చువ్వలతో కలిపితే, మూలల దగ్గర గోడలు ఒకదాన్నొకటి విడిచిపెట్టవు. నడుముకు కట్టిన బెల్టులా ఇది పనిచేస్తుంది, మధ్యలో ఒక్క చోట తెగినా ఉపయోగం ఉండదు. మెష్ మూల దగ్గర ఆగిపోకుండా పక్క గోడ మీదికి బాగా మళ్లాలి. ఈ పద్ధతులన్నీ ఇటుక, రాతి కట్టడాల కోసం రాసిన ఐ.ఎస్. 13935లో ఉన్నాయి. మన దేశంలో ఈ విద్యకు పునాది వేసినవారిలో రూర్కీ ఆచార్యులు ఆనంద్ స్వరూప్ ఆర్యను ముందుగా చెప్పుకోవాలి. పల్లె మేస్త్రి చేతికి అందే పరికరాలతో చేయగలిగేలా వీటిని రూపొందించడం ఆయన లాంటివారి కృషి ఫలితం. ఒక్కసారిగా అన్నింటికీ డబ్బు సమకూరకపోతే, రాత్రి పడుకునే గదితో మొదలుపెట్టండి.

ప్రశ్న: మా అబ్బాయి కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో 1930ల నాటి చెక్క ఇల్లు కొన్నాడు. చెక్క ఇల్లు తేలిక కాబట్టి భూకంపానికి భయం లేదంటాడు. నిజమేనా?
— ఒక తల్లి, గుంటూరు

జవాబు: సగం నిజం అమ్మా. చెక్క ఇల్లు తేలిక, వంగే గుణం ఉన్నది, గదులు కూలి మీద పడే ప్రమాదం మన రాతి ఇళ్లతో పోలిస్తే చాలా తక్కువ. కానీ ఆ కాలపు ఇళ్లలో చాలావాటిని పునాది మీద ఊరికే కూర్చోబెట్టారు, బోల్టులతో బిగించలేదు. పైగా నేలకూ ఇంటి గచ్చుకూ మధ్య, మనిషి పాకుతూ వెళ్లగలిగే ఖాళీ చుట్టూ పొట్టి చెక్క గోడ ఒకటి ఉంటుంది. భూకంపంలో ఆ పొట్టి గోడ పక్కకు ఒరిగితే ఇల్లంతా పునాది మీద నుంచి జారి కూర్చుంటుంది, గ్యాస్ గొట్టాలు తెగి నిప్పు అంటుకునే ప్రమాదం ఉంటుంది. మీ విజయవాడ పొరుగువారి పార్కింగ్ అంతస్తుకు వచ్చిన చిక్కే ఇక్కడ చెక్కలో ఉంది.

వైద్యం తేలికే. అడుగు చెక్కను పునాది కాంక్రీటుకు బోల్టులతో బిగించి, పొట్టి గోడకు లోపలి వైపు ప్లైవుడ్ పలకలు దగ్గర దగ్గరగా మేకులతో కొట్టిస్తారు. 1980కి ముందు కట్టిన ఇళ్లకు, అర్హత ఉంటే, ఎర్త్‌క్వేక్ బ్రేస్ ప్లస్ బోల్ట్ అనే కార్యక్రమం కింద ఈ పనికి 3,000 డాలర్ల దాకా సహాయం ఇస్తూ వచ్చారు. మీ అబ్బాయిని దాని వెబ్‌సైటులో తన పిన్‌కోడ్ ఉందేమో చూడమనండి. వేడినీళ్ల ట్యాంకును గోడకు పట్టీలతో కట్టి ఉంచారో లేదో, కప్పు మీద పాత ఇటుక పొగగొట్టం ఏమైనా ఉందో కూడా చూసుకోమనండి. ఆ రాష్ట్రంలో ఇలాంటి పనులు ఇంటివారి ఇష్టానికి మాత్రమే వదిలేయలేదు. 1994 జనవరి 17న నార్త్‌రిడ్జ్ భూకంపంలో కింద పార్కింగ్ ఉన్న ఒక చెక్క అపార్ట్‌మెంట్ కూలి 16 మంది చనిపోయారు. అలాంటి పాత అపార్ట్‌మెంట్లను బలపరచడం తప్పనిసరి చేస్తూ లాస్ ఏంజెలిస్ నగరం 2015లో చట్టం తెచ్చింది. ఆలస్యంగానైనా నగరపాలక సంస్థ పాత భవనాల జాబితా తయారుచేసి, యజమానులకు గడువులు పెట్టి పని చేయించింది. మన నగరాల్లోనూ ఈ పని జరగాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ప్రశ్న: మా ఉన్నత పాఠశాల భవనం 1980లలో కట్టింది, రెండంతస్తులు, కాంక్రీటు పిల్లర్లు. ఈసారి మరమ్మతులకు కొంత నిధి వచ్చింది. గోడలకు రంగులు, కొత్త గచ్చు కంటే ముందు భద్రతకు ఏం చేయించమంటారు?
— ఒక ప్రధానోపాధ్యాయుడు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా

జవాబు: మీరు ఈ ప్రశ్న అడిగినందుకు కృతజ్ఞుణ్ని. 1969 భూకంపం మీ జిల్లా భూమి మీదే వచ్చింది, మీ అడుగున ఉన్నది గోదావరి లోయ వెంట భూమి లోపల సాగే పాత చీలిక.

తరగతి గదుల కిటికీలు చూడండి. బడుల్లో గాలి వెలుతురు కోసం పిల్లరు నుంచి పిల్లరు దాకా వెడల్పాటి కిటికీలు పెట్టి, వాటి కింద మూడడుగుల గోడ కడతారు. ఆ గోడ పిల్లరును కింది సగం బిగించి పట్టుకోవడం వల్ల, ఊగడానికి కిటికీ ఎత్తు మేరకే పిల్లరు మిగులుతుంది. పొట్టి పిల్లరు పొడుగు పిల్లరు కంటే చాలా బిరుసు, అందుచేత తన వాటాకు మించిన బలాన్ని తన మీదికి లాక్కుని కత్తిరించినట్టు ఏటవాలుగా పగిలిపోతుంది. కిటికీ పక్కన ఇలా ఇంటూ గుర్తు ఆకారంలో పగిలిన పిల్లర్లు భూకంపం తర్వాతి బడి ఫొటోల్లో తరచూ కనిపిస్తాయి. పిల్లరుకు ఆనుకున్న కిటికీ భాగాన్ని కొంత మేర కిందికీ పైకీ గోడతో పూర్తిగా మూసేస్తే ఈ దోషం చాలావరకు పోతుంది. గది చీకటి కాకుండా ఏయే కిటికీలను ఎంతమేర మూయాలో ఇంజనీరు చేత గీయించుకోండి. గోడకూ పిల్లరుకూ మధ్య సందు కోసి మెత్తని పదార్థం నింపడం మరో పద్ధతి, కానీ అప్పుడు ఆ పొట్టి గోడ విడిగా పడిపోకుండా నేలకు పట్టు కల్పించాలి.

దీనితోపాటే డాబా చుట్టూ ఉన్న ఇటుక పిట్టగోడనూ, వరండా మీది సజ్జలనూ చూడండి. చిన్న భూకంపానికి కూడా ముందుగా రాలేవి ఇవే, రాలేది సరిగ్గా పిల్లలు బయటికి పరుగెత్తే దారి మీద. పిట్టగోడను తక్కువ ఎత్తుకు కోయించి ఇనుప రెయిలింగ్ పెట్టించవచ్చు. బీరువాలను, పుస్తకాల అరలను గోడకు బిగించడం మీ నిధిలో లెక్కకు రానంత చిన్న ఖర్చు.

ఈ ప్రయత్నం ఫలించిందనడానికి నేపాల్‌లో నిదర్శనం ఉంది. కాఠ్మండు లోయలో అక్కడి భూకంప సాంకేతిక సంస్థ ఎన్‌సెట్ స్థానిక మేస్త్రీలకు శిక్షణ ఇచ్చి చాలా ఏళ్ల పాటు పాత బడులను బలపరిచింది. 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు దేశంలో వేలాది తరగతి గదులు కూలినా, ఆ బడులు నిలబడ్డాయి. కొన్నింటిని చుట్టుపక్కల జనం ఆశ్రయంగా కూడా వాడుకున్నారు. అక్కడ పని జరుగుతున్నప్పుడు ఊరివాళ్లను పిలిచి చూపించేవారు, బడిలో నేర్చిన మేస్త్రి ఊళ్లో ఇళ్లకూ అదే పని చేసేవాడు. మీ ఊరి మేస్త్రులనూ కిటికీల పని జరిగే రోజున బడికి పిలవండి.